టోపీ పటేలు, బతుకమ్మ, ఏడో క్యాసెట్టు

గల్ఫ్ కార్మికుడి గురించి రాసేవాళ్ళు ముందుగా ఒక డబ్బా తెరుస్తారు. అందులో కన్నీళ్ళుంటాయి. ముత్యం మంచం కింద ఉన్న డబ్బాలో మాత్రం పదకొండు వీడియో క్యాసెట్లున్నాయి. అన్నీ అమెరికా పల్లెపాటగాళ్ళవి. అరవైల్లో, డెబ్బైల్లో టీవీ స్టేజీల మీద గిటార్లు పట్టుకుని పాడినవి. కన్నీళ్ళు వాటిలోనూ ఉన్నాయి కానీ అవి పరాయివాళ్ళవి కాబట్టి చూడ్డానికి హాయిగా ఉంటాయి.

ముత్యానిది మెట్‌పల్లి దగ్గరి ఊరు. వయసు నలభై తొమ్మిది. ఖతర్‌లోని రాస్ లఫాన్‌లో ఇనప పైపులతో పరంజాలు కట్టే పని. వచ్చి పంతొమ్మిదేళ్ళు. మూడేళ్ళ కిందట అల్ ఖోర్‌లో ఇంజినీర్ల విల్లాల దగ్గర పరంజా విప్పుతుంటే, దేశం వదిలి పోతున్న ఒక ముసలి అమెరికన్ ఈ డబ్బానూ, దాని మీద ఒక వీసీఆర్‌నూ తెచ్చి చెత్తతొట్టి పక్కన పెట్టాడు. పెట్టినవాడు పోకుండా అక్కడే నిలబడ్డాడు. తొట్లో వెయ్యడానికి చేతులు రావడం లేదని ముత్యానికి అర్థమైంది. నేను తీసుకుంటానని సైగ చేశాడు. ఆ అమెరికన్ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పాడు. ముత్యం అన్నిటికీ ఓకే సార్ అన్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు పాసు మీద "చెత్త, ఒక డబ్బా" అని రాసి పంపేశాడు.

క్యాంపులో పద్నాలుగో నంబరు రూముకు రాజన్న ఎక్కణ్ణుంచో పాత టీవీ మోసుకొచ్చాడు. రాజన్నది ముత్యం పక్క ఊరే, ఇద్దరూ బావా బావా అనుకుంటారు. మొదటి శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక క్యాసెట్టు పెడితే ఆరుగురు చూశారు. నెల తిరిగేసరికి తలుపు బయట కూడా నిలబడ్డారు. ఇంగ్లిష్ పాట ఒక్క ముక్క ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లనే ముత్యం అవసరమయ్యాడు. చిన్నప్పుడు ఒగ్గుకథలు రాత్రంతా కూర్చుని విన్నవాడు, గొంతు ఉన్నవాడు. తెర పక్కన నిలబడి కథ చెప్పడం మొదలుపెట్టాడు.

క్యాసెట్ల మీదా అట్టల మీదా అంకెలున్నాయి, ఒకటి నుంచి పన్నెండు దాకా. అంకెలున్నాయంటే వరుసగా జరిగే కథ అనే కదా అర్థం. మొదటి ఆరు క్యాసెట్లలోనూ నక్షత్రాలు కుట్టిన కోటు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి వస్తాడు. నెత్తిన టోపీ తియ్యడు. అతను టోపీ పటేలు. అతని పక్కన పాడే ఆమె జుట్టు పూలు పేర్చినట్టు అంతస్తులు అంతస్తులుగా రెండడుగులు లేచి ఉంటుంది. ఆమె బతుకమ్మ. ఒకటి నుంచి ఆరు దాకా ఇద్దరూ ఒకే మైకులో పాడతారు, పాట మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎనిమిదో దాంట్లో బతుకమ్మ నల్లటి గౌను వేసుకుని ఒంటరిగా పాడుతూ ఏడుస్తుంది. అక్కణ్ణుంచి పన్నెండు దాకా పటేలు మళ్ళీ కనిపించడు.

ఏడోది లేదు. అట్ట మాత్రం ఉంది, ఖాళీగా.

పటేలు చచ్చిపోయాడని ముత్యం తీర్పు. నల్లబట్ట కంటే ఇంకేం సాక్ష్యం కావాలి? రూము మొత్తం ఒప్పుకుంది. ఒప్పుకోనిది ఒక్క ఎల్లవ్వ. ముత్యం భార్య. మెట్‌పల్లి పక్కన ఇంట్లో కూర్చుని, రాజన్న పట్టుకున్న ఫోను వీడియోకాల్‌లో ఆమె ఒక్క శుక్రవారం కూడా తప్పకుండా చూసింది. దుబాయ్‌లో తీసిన పాటలని ఆమె నమ్మకం. ఖతర్ అని ముత్యం పంతొమ్మిదేళ్ళుగా చెబుతున్నా ఆమెకు అదంతా దుబాయే. పటేలు చావలేదు, బతుకమ్మే వదిలేసి పోయిందని ఆమె వాదించింది. నాలుగో క్యాసెట్టులో పటేలు వెనక పెద్ద బస్సు ఉంది. ఎప్పుడు చూసినా గిటారు పెట్టె చేతిలో పట్టుకుని ఊళ్ళు తిరిగేవాడితో ఏ ఆడది ఉంటుందని అడిగింది. నల్లగౌను సంగతేమిటంటే, పోయినాక ఆమెకు నచ్చింది ఆమె కట్టుకుంది, నీకేం బాధ అంది.

ఇది పాటల మీద తగువు కాదని ఫోను పట్టుకున్న రాజన్నకు కూడా తెలుసు. ఇల్లు కట్టడం అయిపోయింది. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు అయిపోయాయి. ముత్యం మూడేళ్ళుగా "వచ్చే ఏడు" అంటున్నాడు. కుటుంబం కోసం ఎండలో కరిగిపోతున్నాడని ఊళ్ళో వాళ్ళు జాలిపడతారు, అతను వాళ్ళను అడ్డుకోడు. నిజం ఏమిటంటే ఊళ్ళో అతను శుక్రవారం ఎవరికీ అక్కరలేదు. ఇక్కడ ముప్పై మంది అతని నోటి కోసం ఎదురుచూస్తారు. ఈ సంగతి ఎల్లవ్వకు చెప్పే మార్గం అతనికి దొరకలేదు. ఎల్లవ్వకు మాత్రం మార్గం దొరికింది. పోయిన వానాకాలం ఒక శుక్రవారం అందరూ వింటుండగా షరతు పెట్టింది. ఏడో క్యాసెట్టు వెతుకు. పటేలు చచ్చిపోయి ఉంటే ఇంకో రెండేళ్ళు ఉండు, నోరెత్తను. ఆమె వదిలేసి పోయి ఉంటే నువ్వు కంపెనీకి రాజీనామా ఇచ్చి రా.

రూమంతా చప్పట్లు కొట్టింది. ముత్యం ఒప్పుకోక తప్పలేదు.

ఏడో నంబరు అట్టలో ఒక చీటీ ఉంది. ఆ అమెరికన్ క్యాసెట్టు ఎవరికో అరువిచ్చిన రోజు రాసుకున్నట్టున్నాడు, ఒక అరబ్బీ పేరూ ఒక ఫోను నంబరూ. రాజన్న ఎన్నిసార్లు చేసినా నంబరు తప్పన్నది. ముత్యం చీటీ తీసుకుని అంకెలు లెక్కపెట్టాడు. ఏడే ఉన్నాయి. అతను కొత్తగా వచ్చినప్పుడు ఈ దేశంలో అన్ని నంబర్లూ ఏడంకెలే. తర్వాత అందరికీ మొదటి అంకెను ఇంకోసారి ముందు తగిలించి ఎనిమిది చేశారు. ముత్యం నాలుగుకు ముందు ఇంకో నాలుగు కొట్టాడు. మోగింది. ఎవరో ఎత్తి అరబ్బీలో ఎవరని అడిగారు.

ముత్యం ఫోను పక్కకు పెట్టి, "ఆడిమనిషి ఎత్తింది బావా" అన్నాడు.

"ఆడిమనిషి కాకపోతే ఈ ఇంట్లో ఇంకెవురెత్తుతారు? చెప్పు నాయనా" అని ఫోనులోంచి తెలుగు వినిపించింది.

ఆమె పేరు మాబున్నీసా. ప్రొద్దుటూరు మనిషి. మదీనత్ అల్ షమాల్‌లో తను బాబా అని పిలిచే ఒక పెద్దాయన ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. క్యాసెట్టు మాట ఎత్తగానే ఆమె పెద్దగా నిట్టూర్చింది. ఉంది, వీపు మీద ఏడు అంకె కూడా ఉంది. అది బాబాకు ప్రాణం, ప్రతి శుక్రవారం మధ్యాహ్నపు అసర్ నమాజు అయ్యాక చూస్తాడు, చూసేవాళ్ళు దొరకక తనను కూర్చోబెడతాడు. ఎవరైనా వస్తే ఆయనకూ పుణ్యం, తనకూ పుణ్యం అంది.

ఆ శుక్రవారం ముత్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉత్తరం వైపు బస్సెక్కాడు. దారి పొడుగునా పటేలు చావును ఊహించుకున్నాడు. గుర్రం మీంచి పడితే బాగుంటుంది. జబ్బయితే పాట మధ్యలో దగ్గు చూపించాలి. రెండేళ్ళు అంటే నూట నాలుగు శుక్రవారాలు.

బాబా ఎనభై ఏళ్ళ మనిషి, చేతికర్రతో అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గుమ్మం దాకా వచ్చి పిలుచుకుపోయాడు. ఖర్జూరాలు, గవా అనే అరబ్బీ కాఫీ పెట్టారు. ఇంత దూరం నుంచి తన క్యాసెట్టు చూడ్డానికి మనిషి వచ్చాడని బాబా మొహం వెలిగిపోయింది. మాబున్నీసా గోడవారగా కూర్చుంది. బాబా తన చేత్తో క్యాసెట్టు లోపలికి తోశాడు.

తెర మీద ఒంటెలు పరుగెత్తాయి.

ముత్యం ఓపిక పట్టాడు. ఒంటెల తర్వాత పటేలు వస్తాడనుకున్నాడు. ఒంటెలు ఇంకా పరుగెత్తాయి. బాబా చేతికర్రతో ఒక్కో ఒంటెనూ చూపిస్తూ దాని పేరూ, దాని తల్లి పేరూ, అది మధ్యలో ఎందుకు వెనకబడిందో చెప్పుకుపోతున్నాడు. ముత్యానికి వచ్చిన అరబ్బీ సైటు మీది అరబ్బీ. పైకెత్తు, దించు, తొందరగా, లేదు. ఆ నాలుగు మాటలూ ఒంటెలకు సరిపోవు. అయినా తల ఊపాడు. బాబా ఇంకా ఉత్సాహంగా చెప్పాడు. అలా చాలాసేపు గడిచాక తెల్లటి ఒంటె ఒకటి అందరినీ దాటి ముందుకొచ్చింది. మాబున్నీసా నోటి మీద చెయ్యి పెట్టుకుని ఆశ్చర్యపోయి, చప్పట్లు కొట్టింది.

తర్వాత ముత్యం వైపు వంగి నెమ్మదిగా చెప్పింది. "పదకొండేండ్లుగా ఇదే గెలుస్తాండాదన్నా. నేను వారం వారం నోరు తెరిచి చప్పట్లు కొట్టాల. కొట్టకపోతే ఆయప్ప మొగం చూడలేము."

ముత్యం బాబా మొహం చూశాడు. తన మొహం శుక్రవారాల్లో ఎలా ఉంటుందో అతనెప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు చూసినట్టయింది. రాజన్న ఎన్నిసార్లు నోరు తెరిచి ఉంటాడు?

ముందు ఇందులో పాటలుండాలి కదా అని మాబున్నీసా చేత అడిగించాడు. ఉండేవట, ఏడ్చే అమెరికన్లు ఎవరో ఉండేవాళ్ళట అన్నాడు బాబా. అరువు తెచ్చుకున్న రోజు టీవీలో తన ఒంటె పందెం వస్తోంది, చేతికి ఇంకో క్యాసెట్టు దొరకలేదు, దీని మీద రికార్డు చేశాడు. చేసే ముందు చూశారా అంటే, ఎందుకు చూడాలని ఎదురడిగాడు. అమెరికన్ కొన్నేళ్ళు అడిగి మానేశాడట. ఇందులో తప్పేముందో బాబాకు నిజంగానే తెలియదు. ముత్యం కూడా పెద్ద తప్పు పట్టలేకపోయాడు.

పందెం అయిపోయాక టేపు చివర ఒక నిమిషం మిగిలి ఉంది. బాబా ఎప్పుడూ అక్కడ ఆపేస్తాడు. ముత్యం ఆపనివ్వలేదు. పాత స్టేజీ కనిపించింది. మధ్యలో ఒక మైకు ఉంది. పటేలు లేడు, బతుకమ్మ లేదు. కనిపించని జనం మాత్రం గట్టిగా చప్పట్లు కొడుతున్నారు. ఎవరో అప్పుడే దిగి వెళ్ళిపోయారు. ఎవరు? తెర మీద ఈగలు ముసిరినట్టయి క్యాసెట్టు ఆగిపోయింది.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఫోను మోగింది. ఎండ ఇంకా ఉంది. మెట్‌పల్లి వైపు చీకటి పడినట్టుంది, ఎల్లవ్వ మొహం ట్యూబులైటు కింద కనిపించింది.

"సూసినవా?"

"సూసిన."

"సచ్చిండా, ఇడిసిపెట్టిందా?"

చచ్చిపోయాడు అనాలి. ఒక్క మాట. ఆమె నమ్ముతుంది. మూడేళ్ళుగా అతను చెప్పింది ముప్పై మంది నమ్మారు.  మూడేళ్ళుగా ఆ పటేలుకు గొంతు ఇచ్చింది తనే. కళ్ళతో చూడకుండా, నూట నాలుగు శుక్రవారాల కోసం, పరాయి మొగుణ్ణి చంపడం అతని వల్ల కాలేదు. పైగా ఆ ఖాళీ మైకు కళ్ళ ముందే ఉంది.

"పోయింది" అన్నాడు.

ఎల్లవ్వ గెలిచినట్టు అరవలేదు. ఆమెకు అనుమానమొచ్చింది. ఇంత సులువుగా ఈ మనిషి ఎప్పుడూ ఓడిపోలేదు. "కెమెరల పడ్డదా?"

"పడ్డది."

"ఆయనకు చెప్పే పోయిందా?"

"చెప్పలే."

"దేని మీద పోయింది? బస్సు ఆయనది గదా."

ముత్యం బుర్రలో మధ్యాహ్నమంతా పరుగెత్తినవి తప్ప ఇంకేమీ లేవు. "ఒంటె మీద" అన్నాడు.

పక్కసీటు నేపాలీ మనిషి కిటికీ వైపు తిరిగాడు. ముత్యం కళ్ళు మూసుకుని తిట్టు కోసం సిద్ధపడ్డాడు.

"గట్ల చెప్పు. దుబాయ్‌ల ఒంటె గాకుంటే ఇంకేం దొరుకుతది?" అంది ఎల్లవ్వ తృప్తిగా. మళ్ళీ "తెల్లదా?" అని అడిగింది.

"తెల్లదే."

"ఉరికిందా?"

"అందరికన్న ముంగట."

 ఎల్లవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. పాపం పటేలు, ఇంటికొచ్చి చూసుకునేసరికి ఎవరూ ఉండరు కదా అంది. మూడేళ్ళలో ఆమె పటేలు మీద జాలిపడడం అదే మొదటిసారి. తర్వాత గొంతు మార్చి, "మరి నువ్వు ఎప్పుడస్తవ్?" అంది.

ఆదివారం డ్యూటీ దిగాక ముత్యం క్యాంపు ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ గుమాస్తా సురేందర్, నిజామాబాద్ వాడు. పంతొమ్మిదేళ్ళ మనిషి రాజీనామా అంటే కుర్చీ వెనక్కు జరిపి పైనుంచి కింది దాకా చూశాడు. ఆరోగ్యం బాగాలేదా అన్నాడు. బాగుంది. సూపర్‌వైజరు ఏమన్నా అన్నాడా? అనలేదు. వేరే కంపెనీ చూసుకున్నావా? లేదు. కంప్యూటరు కారణం రాయకుండా ముందుకు పోనివ్వదని సురేందర్ విసుక్కున్నాడు. క్యాసెట్టు, ఒంటె, చీటీ, నల్లగౌను అంతా వరుసగా చెబితే కొంతసేపు విని, కుటుంబ కారణాలు అని కొట్టాడు. రెండు నెలల నోటీసు, తర్వాత టికెట్ అన్నాడు.

కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ అడిగాడు. "పోయి ఏం జేస్తవ్ కాకా?"

"నాకేమెరుక" అన్నాడు ముత్యం. "ఎల్లవ్వ చెప్తది."