మా అత్తమ్మ వాళ్ళ నాయినకు కాళ్ళొచ్చిన రోజులు

పోయిన వారం మా ఊరి పళ్ళ డాక్టరు గారు ఒక అట్టపెట్టె పంపించారు. ఇప్పుడు ఎక్స్‌రేలన్నీ కంప్యూటర్లోనే చూస్తున్నారట, పాత ఫిల్ము ప్యాకెట్లతో పనిలేదట, "మీకేమన్నా అక్కరకొస్తాయేమో చూడండి" అని చీటీ పెట్టారు. నేను మిర్యాలగూడలో ముప్ఫై అయిదేళ్ళుగా పళ్ళ సెట్లు చేస్తున్నవాణ్ణి. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి పళ్ళు అమర్చి ఇవ్వడం నా పని. ఎక్స్‌రే ఫిల్ముతో నాకేం సంబంధం లేదు. అయితే ఆ బుల్లి ప్యాకెట్ విప్పితే నల్ల కాగితం వెనకాల ఒక పల్చటి సీసపు రేకు ఉంటుంది. గోటితో నొక్కితే గుడ్డలాగా మడత పడుతుంది. అది వేళ్ళకు తగలగానే నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. మూడేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి రేకుతోనే నేను మా అత్తమ్మ వాళ్ళ నాయినకు కాళ్ళు చేశాను.

కంగారు పడకండి. బొమ్మ సంగతే చెబుతున్నాను. నాకు నాలుగున్నర అంగుళాల సైనికుల బొమ్మలు చేసే పిచ్చి ఉంది. అది కోదాడ మాస్టారు అంటించింది. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. విరిగిన పళ్ళ సెట్టు పట్టుకొని ఒకసారి నా ల్యాబుకు వచ్చి, నేను మైనంలో దవడ చెక్కుతుంటే అరగంట నిలబడి చూసి, "ఈ చేతులతో మీరు పళ్ళు చేసుకుంటూ కూర్చున్నారేంటండీ?" అన్నారు. పొగిడితే పడిపోయే రకం నేను. నెల తిరక్కముందే ఆయనింట్లో కూర్చుని బల్లెం పట్టిన కాకతీయుల బంటుకు రంగులేస్తున్నాను. అప్పట్నుంచి మా ఇంట్లో షోకేసు నిండా కత్తులూ డాళ్ళూ తలపాగాలే. మా ఆవిడ స్టీలు గిన్నెలు అటక ఎక్కాయి. ఆ విషయంలో ఆమె నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

మా అత్తమ్మ, అంటే మా ఆవిడ తల్లి, సూర్యాపేటలో మా బావమరిది దగ్గర ఉంటుంది. అప్పటికి ఎనభై మూడేళ్ళు. నడుము వంగింది గానీ నోరు వంగలేదు. ఆమెకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళ నాయిన పటాలంతో రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఉన్న ఒక్క ఫోటో ఒక వానాకాలం గోడ కూలి మట్టిలో కలిసిపోయిందట. మూడేళ్ళ కిందట కొత్త పళ్ళ సెట్టు కోసమని మా ఇంటికి వచ్చి వారం రోజులుంది. ఒకరోజు షోకేసు ముందు కుర్చీ వేసుకుని ఒక్కొక్క సిపాయిని కళ్ళద్దాలు సవరించుకుంటూ చూసి, చివరికి నా వైపు తిరిగింది.

"మా నాయినను గూడ చేస్తవా అల్లుడా? ఒక్కపారి కండ్లార సూస్త. నాకు అన్నీ యాదికున్నయి గని ఆయన ముఖమే యాదికొస్తలేదు."

నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. దుఃఖం వల్ల కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, సంతోషం వల్ల. అప్పటిదాకా నేను చేసిన సైనికులందరూ పుస్తకాల్లోంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ కోసం ఎదురుచూసినవాళ్ళెవరూ లేరు. మొదటిసారి ఒక మనిషి కోసం ఒక మనిషిని చెయ్యబోతున్నాను. మరునాడు పొద్దున్నే బస్సెక్కి హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పరుగెత్తాను. మాస్టారు నాకంటే ఎక్కువ ఊగిపోయారు. తన దగ్గర దాచుకున్న, రెజిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసిన బొమ్మ భాగాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. మొండెం, చేతులు, కాళ్ళు అందులో ఉన్నాయి. తల మాత్రం మనమే చెక్కాలని తీర్మానించుకున్నాం.

ఆ వారం గడిచి అత్తమ్మ సూర్యాపేట వెళ్ళినప్పట్నుంచి రోజూ ఫోను. "మా నాయినకు కాళ్ళొచ్చినయా?" ఒక కాలు వచ్చింది అత్తమ్మా అంటే, "ఒంటికాలి మీద ఎన్ని దినాలు నిలబెడ్తవ్?" అని గదమాయింపు. ల్యాబులో నాతోపాటు పనిచేసేవాళ్ళకు కూడా అలవాటై, ఫోను మోగగానే "సార్, మీ తాతయ్య ఎంతవరకొచ్చిండు?" అని అడిగేవారు. నేను కిటికీలు బిగించి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుండగా ఖాకీ పూసేవాణ్ణి. మా ఊళ్ళో బియ్యం మిల్లుల ఊక బూడిద తడి రంగు కనిపిస్తే చాలు, చుట్టంలా వచ్చి కూర్చుంటుంది. ఖాకీ అంటే ఒక రంగనుకుంటారు. మడతలో ముదురు, మడత మీద లేత, భుజం మీద ఎండకు వెలిసిన తెలుపు, మోకాలి దగ్గర మట్టి. నీళ్ళలాగా పల్చగా కలిపి పొర మీద పొర వేస్తుంటే, రెజిన్ ముక్క కాస్తా గుడ్డ అవుతుంది. ఆ గుడ్డ అయ్యే క్షణం కోసం ఎంత నడుమునొప్పి అయినా భరించవచ్చు.

గొడవంతా కాలిపట్టీల దగ్గర వచ్చింది. ఆ కాలపు సిపాయిలు పిక్కలకు పొడవాటి ఉన్ని పట్టీ చుట్టుకునేవారు. నేను పళ్ళ డాక్టర్లు వాడి పారేసిన ఎక్స్‌రే ప్యాకెట్ల సీసపు రేకును సన్నటి పట్టీలుగా కోసి, పుస్తకంలో ఉన్నట్టే మడమ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టి, మోకాలి కింద ముగించాను. రెండు కాళ్ళకూ మూడు రోజులు పట్టింది. గర్వంగా ఫోటో తీసి మా బావమరిది ఫోనుకు పంపించాను. పది నిమిషాల్లో అత్తమ్మ ఫోను చేసింది.

"గట్ల గాదు. పట్టీ కొస మోకాలి కాడ ఉండది. మడిమ కాడ ఉంటది."

నేను మాస్టారికి ఫోను కలిపాను. ఆయన తేల్చి చెప్పేశారు. "మడమ దగ్గర మొదలై మోకాలి కింద ముగుస్తుందండీ. ఏ పుస్తకంలో చూసినా అంతే. నాలుగేళ్ళ పిల్లకేం గుర్తుంటుంది?"

నేను ఆ మాట యథాతథంగా అత్తమ్మకు చేరవేశాను. అంతకంటే తెలివితక్కువ పని నా జీవితంలో చెయ్యలేదు.

"నాకు గాక ఎవలకు యాదికుంటది? ఆ మాస్టరు గాడ ఉన్నడా? మా నాయిన సెలవుల మీదొచ్చి వాపసు పోయేనాడు మోకాలి కాడికెంచి చుట్టుకుంట చుట్టుకుంట కిందికొచ్చిండు. నేను కింద కూసున్న. ఆఖరు కొస నా చేతికిచ్చి, గట్టిగ పట్టుకో బిడ్డా అన్నడు. నేను పట్టుకున్న. నువ్వు చేసింది మా నాయిన గాదు. ఎవలో సిపాయి."

ఫోను పెట్టేసింది. మరునాడు ఫోను రాలేదు. ఆ మరునాడూ రాలేదు. నాకు మొదట కోపం వచ్చింది, మూడు రోజులు కళ్ళు పోయేలా చుట్టింది నేను కదా అని. నాలుగో రోజుకు కోపం పోయి భయం పట్టుకుంది. ఎనభై మూడేళ్ళ మనిషి ఒకే ఒక్కటి అడిగింది. దానికి నేను వేరెవరినో చేసి చేతికిస్తున్నాను. బొమ్మను చూస్తే ముట్టబుద్ధి కాలేదు.

అయిదో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే కోదాడ నుంచి ఫోను. మాస్టారు రొప్పుతున్నారు. "మీ అత్తగారికి నా దండాలు చెప్పండి! పాత డ్రిల్లు పుస్తకం ఒకటి తిరగేశానండీ. నడిచే పటాలం వాళ్ళు కిందనుంచి పైకి చుట్టేవారు. గుర్రమెక్కేవాళ్ళు పైనుంచి కిందికి! జీను రాపిడికి ముడి ఊడిపోకుండా కొస మడమ దగ్గర కట్టేవారట. ఆయన రౌతండీ, రౌతు! కాల్బలం కానేకాదు!"

నేను నోట్లో నురగతోనే అరిచాను. మా ఆవిడ ఏమైందోనని గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఎనభై ఏళ్ళుగా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి, నేలమీద కూర్చున్న నాలుగేళ్ళ పిల్ల గుప్పిట్లో ఉండిపోయింది. సూర్యాపేటకు ఫోను చేసి క్షమించమన్నాను. "మా నాయిన గుర్రమెక్కిండా!" అని ఒక్కటే మాట. సాయంత్రానికి వాళ్ళ వాడకట్టంతటికీ ఆ వార్త తెలిసిపోయిందని మా బావమరిది చెప్పాడు. ఇక నాకు పూనకం వచ్చింది. రేకంతా ఒలిచి పారేసి, పైనుంచి కిందికి మళ్ళీ చుట్టాను. ఛాతీ మీద అడ్డంగా తూటాల పటకా చేశాను. పళ్ళ సెట్టుకు కొక్కేలు వంచే స్టీలు తీగతో బూట్ల వెనక గుర్రాన్ని అదిలించే ముళ్ళు చేశాను.

మిగిలింది తల. రేగుపండంత తల. ముఖం ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్ళు లేరు. అయితే "నీ దవడ అచ్చం మీ నాయినదే" అని అత్తమ్మకు వాళ్ళమ్మ చెప్పేదట. ఆ దవడ నాకు బాగా తెలుసు. పై దవడకంటే కింది దవడ కొంచెం ముందుకు ఉంటుంది, పళ్ళు అమర్చేటప్పుడు నన్ను ఏడిపించింది. ఆమె నోటి అచ్చు ల్యాబులోనే ఉంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని తల చెక్కాను. పెదవులు కాస్త తెరిచి లోపల పళ్ళు కూడా పెట్టాను. మా ఆవిడ భూతద్దంలో చూసి పడీపడీ నవ్వింది. "మా తాత పళ్ళ సెట్టు పెట్టుకొని యుద్ధానికి పోయిండా ఏంది?" నిజమే, అలవాటు కొద్దీ వరసగా, తళతళలాడేలా పేర్చేశాను. సిగ్గుపడి నోరు మూసేశాను. కళ్ళ కింద ముడతలు, నెరిసిన మీసం పెట్టాను. చాలా హుందాగా కుదిరాడు. మాస్టారికి చూపించడానికి కోదాడ తీసుకెళ్ళాను.

ఆయన చాలాసేపు చూసి అడిగారు. "పోయేనాటికి ఈయన వయసెంతండీ?"

నేను ఫోను చేసి అడిగాను. అత్తమ్మ లెక్క చెప్పింది. తను పుట్టినప్పుడు నాయినకు ఇరవై ఒకటి. తనకు నాలుగేళ్ళప్పుడు పోయాడు. మాస్టారూ నేనూ ముఖాలు చూసుకున్నాం. మా ఇంట్లో అందరూ తాత, తాత అంటుంటే, నేను ఆ మనిషిని నిజంగానే తాతను చేసి పెట్టాను. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి నెరిసిన మీసం! అక్కడే కూర్చుని ముడతలు గీకేశాను. నల్లటి, ఇంకా ఒత్తుగా రాని మీసం పెట్టాను. దవడ అదే, చర్మం నున్నగా. పని అయ్యేసరికి మాస్టారి భార్య వచ్చి చూసి, "ఎవరీ అబ్బాయి?" అంది.

మిఠాయి డబ్బాలో దూది పరిచి, అతణ్ణి పడుకోబెట్టి సూర్యాపేట బస్సెక్కాం. మా ఆవిడ డబ్బా ఒళ్ళోంచి దించలేదు. వెళ్ళేసరికి అత్తమ్మ తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, నేను చేసిన పళ్ళు పెట్టుకుని వాకిట్లో వెలుతురుకు ఎదురుగా కూర్చుని ఉంది. బొమ్మను ఆమె అరచేతిలో నిలబెట్టాను. ముందు మడమ దగ్గర పట్టీ కొసను గోటితో తడిమి, "గిదే" అంది. తర్వాత మెల్లగా చూపు పైకి పోయింది. ముఖం దగ్గర ఆగింది. మళ్ళీ ఎవరో సిపాయి అంటుందేమోనని నేను డబ్బాలో దూది పీకుతూ నిలబడ్డాను.

"గింత పోరడా మా నాయిన?" అంది చివరికి. "నా మనుమని కన్న చిన్నోడు గదనే." కొంగుతో అతని చెంప తుడిచింది. అక్కడ తుడవడానికేమీ లేదు. తర్వాత ముఖాన్ని దగ్గరికి తీసుకుని, మేమెవరమూ అక్కడ లేనట్టు మెల్లగా అడిగింది.

"బువ్వ తిన్నవా బిడ్డా?"

దాదాపు ఎనభై ఏళ్ళు నాయిన కోసం చూసిన కూతురు ఆమె. ఆ ఏళ్ళలో ఏదో ఒక రోజు, ఏ పొలం గట్టు మీదో, ఏ పొయ్యి ముందో, తనకే తెలియకుండా నాయిన వయసు దాటి, ఆయనకు అమ్మ వయసుదై, అవ్వ వయసుదైంది. కాలం ఆ మాట ఆమెకు ఆ పొద్దుటి దాకా చెప్పలేదు.