పీరయ్య జిరాక్స్‌లో తాళంచెవి

చిక్కడపల్లి సందులో కనకయ్య ల్యాప్‌టాప్ రిపేరు కొట్టు అలమారంత ఉంటుంది. పాలమూరు నుంచి తాపీ పనికి వచ్చి, ఒంటికి సిమెంటు పడక ఈ విద్య నేర్చినవాడు. ఎవరొచ్చినా ముందు పాఠం చెప్పందే యంత్రం ముట్టడు. "డిస్కుకు తాళమేసిన్రా? కీ యాడ దాచిన్రు?" కాస్త చాదస్తం మనిషే.

ఆ మధ్యాహ్నం పాత గిరాకీ జయశ్రీ అతని ఎదురుగా కూర్చుంది. నారాయణగూడలో పాఠాలు చెప్పుకుంటూ ఆరేళ్లు రాసిన ఆమె థీసిస్ రేపటిలోగా యూనివర్సిటీకి అందాలి. టీ ఒలికి మదర్‌బోర్డు కాలిపోతే కొత్తది వేశాడు. బోర్డు మారిందని, తాళమేసి ఉన్న డిస్కు నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడుగుతోంది. అది లేకపోతే బ్రహ్మదేవుడు దిగివచ్చినా తెరవలేడు.

"కీ ఉందన్నరు గద మేడం?"

"ఉంది. ఫైల్ చేసి పెట్టిన."

"యాడ?"

"దీంట్లనే."

కనకయ్యకు ఒళ్లు మండింది. ఆమె మొహం చూసి తిట్టు మింగేశాడు.

"వేరే కాపీ?"

"ప్రింటు తీయించిన. ఇల్లు మారినప్పుడు ఆ కాగితం పోయింది. అప్పటి ఫోనూ లేదు."

"ప్రింటు ఎవరు తీసిన్రు?"

"అశోక్‌నగర్‌ల జిరాక్స్ పీరయ్య."

ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఇద్దరూ బండెక్కారు. కోచింగ్ పిల్లలంతా పీరయ్య వాట్సాప్‌కే ఫైళ్లు పంపి ప్రింట్లు తీయించుకుంటారు. "నేనేదీ చెరపనక్కా, మళ్లొచ్చి అడుగుతరు," అంటూ అతను జయశ్రీ పాత నంబరు వెతికాడు. రెండేళ్లనాటి ఫైలు దొరికింది.

కనకయ్య చదువుతుంటే ఆమె అంకెలు కొట్టింది. ఒకసారి తప్పింది. మళ్లీ కొట్టింది. థీసిస్ తెరుచుకోగానే కౌంటరు మీద తల పెట్టి ఏడ్చేసింది.

"అన్నా, ఈ ఫైలు చెరిపెయ్యి," అన్నాడు కనకయ్య కటువుగా. "ఎవనికన్న దొరికితే గా తాళం దేనికి?"

పీరయ్య చెరిపేశాడు. "మరి నీది?"

"నాదేంది?"

పీరయ్య స్క్రీను వీళ్లవైపు తిప్పాడు. నిరుడు కనకయ్య తన కొట్లో గోడకు అతికించుకుందామని పంపిన జాబితా. అరవై మంది గిరాకీల పేర్లు, ఎదురుగా వాళ్ల లాగిన్ పాస్‌వర్డ్‌లు. నాలుగో పేరు జయశ్రీది.

ఆమె కళ్లు తుడుచుకుని అది చదువుతోంది. కనకయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.