ఎర్ర చుక్క పెట్టిన నత్తలు

నత్త ఒక పంటను నాశనం చేయగలదని వ్యవసాయం తెలిసినవారు చెబుతారు. నత్త పక్షాన ఒక వక్త మాట్లాడితే అంతకంటే పెద్ద నాశనం జరుగుతుందని నేను చెబుతాను. ఆ వక్తను నేనే కనుక ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మవచ్చు. నా వల్ల ఒక పూజ ఆగింది. ప్లాట్లు కొనడానికి వచ్చినవారు తిరిగి బస్సెక్కి అద్దాలు మూసుకున్నారు. ఏ పాపమూ ఎరుగని మా చిన్నమ్మ అందరి ఎదుట మంత్రగత్తె కాబోయింది. ఇంతటికీ కారణం నా దయాగుణం, దానికి తోడు ఒక సీసా గోళ్ల రంగు.

అప్పుడు నేను శామీర్‌పేట దగ్గర న్యాయశాస్త్రం చదువుతున్నాను. చర్చాపోటీలలో కప్పులు గెలిచేదాన్ని. ఆ కప్పులతో పాటు ఒక జబ్బు కూడా ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరైనా వాన వచ్చేలా ఉందంటే, ఆధారమేమిటని అడిగేదాన్ని. నాతో మాట్లాడవలసి వచ్చినప్పుడు మా అమ్మ ముందుగా ఒక గ్లాసు మంచినీళ్లు తాగేది. ఆ ఏడు వానాకాలం సెలవుల్లో అల్వాల్‌లోని మా ఇంట్లో అందరికీ విశ్రాంతి అవసరమై, నన్ను మేడ్చల్ అవతల ఉన్న చిన్నమ్మ దగ్గరికి పంపారు.

చిన్నమ్మ పేరు సత్తెమ్మ. మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. ఎప్పుడో ఒకసారి వచ్చి, బట్టలు ఉతికించుకుని వెళ్లేవాడు. చిన్నమ్మ ఒక్కతే బుచ్చన్న పటేలు భూమిని కౌలుకు తీసుకుని పాలకూర, కొత్తిమీర పండించేది. కాగితం లేదు, నోటిమాట కౌలు. రోడ్డుకు అటువైపున్న తన మరో చెలకను పటేలు అప్పటికే ఇళ్ల ప్లాట్ల వెంచరుగా మార్చి, తెల్లరాళ్లు పాతించి, గేటు కట్టించాడు. ఇటువైపు భూమి సంగతి అడిగితే, "వెంచరు పూజ గానియ్యి సత్తెమ్మా, యాసంగికి కౌలు ఇచ్చుడా లేదా గప్పుడు జూద్దాం" అన్నాడట. అంటే రాబోయే పంటకాలం చిన్నమ్మకు చేను ఉంటుందా, లేక కూలికి పోవాలా అన్నది ఆ పూజ నాటి పటేలు మనసును బట్టి ఉంటుంది. ఈ సంగతి నాకు వచ్చిన రోజే చెప్పారు. నేను విన్నాను కూడా. విన్నదానిని గుర్తుంచుకోవడం వేరే విద్య; అది మా కళాశాలలో నేర్పరు.

ఆ వానలకు చేను నిండా నత్తలు వచ్చిపడ్డాయి. మన చెరువుల్లో దొరికే చిన్న నత్తగుల్లలు కావు, పిడికిలంత పెద్దవి, ఎక్కడో ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. అవి ఒక మడి మీదుగా నడిచిపోతే ఆకుల్లో ఈనెలు మాత్రం మిగిలేవి. చిన్నమ్మ మళ్ల చుట్టూ బూడిద, సున్నం కలిపి గీతలా పోసేది. తెల్లవారగానే చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నత్తలను ఏరి, గట్టు మీద ఉన్న ఉప్పునీళ్ల డ్రమ్ములో వేసేది. నేను ఆ డ్రమ్ములోకి తొంగి చూశాను. నురగ కనిపించింది. నాలోని న్యాయవాది నిద్రలేచింది.

వాదన మొదలైతే నా నోట ఇంటి మాట పోయి పుస్తకభాష వస్తుంది. "చిన్నమ్మా, వీటి నేరమేమిటి?" అన్నాను.

"పాలకూర తిన్నయి."

"ఆకలితో తిన్నాయి. ఆకలి నేరమా?"

"మరి నా ఆకలో?"

నిష్పక్షపాతంగా చూస్తే చర్చ అక్కడికి ముగిసింది, నేను ఓడిపోయాను. కానీ ఓడినట్టు తెలుసుకోవడం కూడా మాకు నేర్పరు. చిన్నమ్మ వంగినది వంగినట్టే ఉండి మరో దెబ్బ కొట్టింది. "సెరువు నత్తలు కూరొండితే గిన్నె నాకినవ్ గదనే. గప్పుడు యాదికి రాలేదా నేరం?"

ఇది నిజం. చిన్నప్పుడు తొలివానల తరువాత మా అవ్వ వండిన నత్తల కూర, కళ్లకు మంచిదంటే, రెండు కళ్లకూ విడివిడిగా తిన్నదాన్ని. ఆల్చిప్పను రాయి మీద అరగదీసి బెజ్జం చేసి, దానితో మామిడికాయ చెక్కు తీసినదాన్ని. గుల్ల ఉన్న ప్రాణులతో నాకు స్వచ్ఛమైన గతం లేదు. అయినా తడుముకోలేదు. కూర అవసరమనీ, ఉప్పు శిక్ష అనీ, విచారణ లేని శిక్ష అన్యాయమనీ సుదీర్ఘంగా వివరించాను. ఇంతలో కూరగాయల ఆటో వచ్చి హారన్ కొట్టింది. చిన్నమ్మ పాలకూర కట్టలు ఎత్తుకుంటూ, చంపకపోతే మానె, ఎక్కడైనా విడిచిపెట్టి రమ్మని చెప్పి వెళ్లిపోయింది. దాన్ని నేను విజయంగా నమోదు చేసుకున్నాను. ఆటో రావడం వల్ల నా చేతిలో ఓడినవారు చాలామంది ఉన్నారు.

నత్తలను గోనెసంచిలో వేసుకుని రోడ్డు దాటి, పటేలు వెంచరులోని గడ్డిలో వదిలాను. ఎవరూ తినని గడ్డి, ఎవరూ కట్టని ఇళ్లు. ఎవరికీ నష్టం లేదని తీర్పు ఇచ్చుకున్నాను. మరునాడు చేనులో మళ్లీ అన్ని నత్తలూ ఉన్నాయి. ఆ మరునాడూ అంతే. చిన్నమ్మ నడుము మీద చేయి పెట్టుకుని, "గియ్యి నిన్నటియే. రోడ్డు దాటి మల్లొచ్చినయి" అంది.

"ఆధారమేమిటి?"

"మొఖం జూస్తే తెల్వదా?"

నత్త ముఖాన్ని గుర్తుపట్టడం ఏ సాక్షికీ సాధ్యం కాదన్నాను. తిరిగి వచ్చాయో లేదో నిరూపించి చూపుతానని మాట ఇచ్చాను. నా సంచిలో ఒక ఎర్ర గోళ్ల రంగు సీసా ఉంది. కళాశాల వార్షికోత్సవానికి కొన్నాను. గోళ్ల మెరుపు వాదన మీది నుంచి దృష్టి మళ్లిస్తుందని సూత్రప్రకారం వాడలేదు. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని, ఒక్కొక్క నత్తనూ పాతగుడ్డతో తుడిచి, గుల్ల నడిమధ్యన గుండ్రంగా ఒక ఎర్ర చుక్క పెట్టాను. అవి లోపలికి ముడుచుకుని, రంగు ఆరేవరకు ఓపిక పట్టి, మళ్లీ కొమ్ములు చాచేవి. నేను చూసిన శ్రోతలందరిలోకీ అవే ఉత్తములు. వాటిని వెంచరులో వదిలి వచ్చాను.

పూజ దగ్గరపడేవరకు ప్రతి సాయంత్రం ఇదే పని. తెల్లవారి చేనులో కనిపించినవాటిలో చుక్క ఉన్నది ఒక్కటీ లేదు. భోజనాల దగ్గర నా విజయాన్ని లాంఛనంగా ప్రకటించాను. చిన్నమ్మ నాకు ఇంకొంచెం పప్పు వేసింది. చుక్క నత్తలు తిరిగి రాకపోవడానికి నేను గమనించని కారణం ఒకటుంది. పూజ కోసమని పటేలు గేటు పక్కన కొత్తగా బంతి మొక్కలు నాటించి, మెత్తటి పచ్చిక పరిపించాడు. విందు అక్కడ ఉండగా పాలకూర కోసం రోడ్డు దాటేంత తెలివితక్కువవి కావు అవి.

పూజ రోజు పొద్దున సన్నని తుంపర పడుతోంది. ఆ వాతావరణం నత్తలకు ఊరేగింపు వాతావరణం. గేటుకు అరటి బోదెలు, మామిడి తోరణాలు కట్టారు. తెల్లబట్టల్లో పటేలు, గొడుగు కింద పంతులు, ప్లాట్లు చూడటానికి బస్సులో వచ్చిన కుటుంబాలు. పూజ చూద్దామని నేనూ వెళ్లి ఒక పక్కన నిలబడ్డాను. అప్పుడు వాచ్‌మన్ పటేలు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "పటేలా, నత్తలకు బొట్టు వెట్టిన్రు."

అందరం చూశాం. తెల్లరాళ్ల మీద, అరటి బోదెల మీద, పచ్చిక మీద, పటేలు నవ్వుతున్న బ్యానరు మీద సరిగ్గా ఆయన చెంప దగ్గర, నత్తలు. దాదాపు ప్రతిదాని వీపున తుంపరకు మెరుస్తున్న ఎర్రటి బొట్టు. చౌరస్తాలో కుంకుమ అద్దిన నిమ్మకాయను చూసి పక్కకు తప్పుకోవడం అక్కడున్నవారందరికీ అలవాటే. కానీ నిమ్మకాయ పెట్టినచోట ఉంటుంది. ఇవి వస్తున్నాయి.

బస్సులో వచ్చినవాళ్లు తిరిగి బస్సెక్కారు. అద్దాలు మూసిన చప్పుడు వరుసగా వినిపించింది. పంతులు మంత్రం మధ్యలో ఆపాడు. బాణామతి, అంటే చేతబడి అన్న మాట ఎవరి నోట మొదట వచ్చిందో తెలియదు గానీ, ఆ తరువాత ఆధారాలు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. రోడ్డవతలి చేనులో బూడిద గీతలు చూశామన్నారు. గట్టు మీద ఉప్పు డ్రమ్ము ఉందన్నారు. ఒక ఆడమనిషి తెల్లారకముందే ఒంటరిగా నత్తలను ఏరుతుంటుందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ వాదనలో ఒక్క సందు లేదు. న్యాయనిర్ణేతగా ఉంటే నేనే వారికి కప్పు ఇచ్చేదాన్ని.

చిన్నమ్మను చేనులోంచి పిలుచుకొచ్చారు. మోచేతుల దాకా బురద. పటేలు గొంతు పెంచలేదు. "సత్తెమ్మా, నీకు నేనేం తక్కువ జేసిన?" అన్నాడు.

చిన్నమ్మ నత్తలను చూసింది. నన్ను చూసింది. మంత్రగత్తె అన్న పేరు ఒకసారి ఒక ఆడమనిషి మీద పడితే పోయేది కౌలు ఒక్కటే కాదని ఆ చుట్టుపక్కల పెరిగిన ఎవరికైనా తెలుసు. నా పేరు చెబితే ఆమె బయటపడుతుంది. చెప్పలేదు. ఆ మౌనం ముందు నేను గెలిచిన కప్పులన్నీ చిల్లుపడ్డ చెంబులయ్యాయి.

ముందుకు వచ్చాను. నిజం ఒక్క వాక్యంలో చెప్పవలసిన చోట నా నోట వచ్చిన మాటలు ఇవి: "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. మొదట మనం నిరూపణ భారం ఎవరిదో తేల్చుకోవాలి."

పంతులు గడియారం చూసుకున్నాడు. తరువాత ఎలాగో అసలు సంగతి చెప్పాను. పటేలు చివరిదాకా విని, ఒక్కొక్క మెట్టూ నిర్ధారించుకున్నాడు.

"అంటే, సంపుడు పాపమని, రంగేసి నా జాగల ఇడిసినవ్?"

"అవును."

"మల్లొస్తయా రావా అని జూసెతందుకు?"

"అవును."

ఆయన చుట్టూ ఉన్నవారి వైపు తిరిగాడు. "గీ ముచ్చట ఎవరన్న నమ్ముతరా?"

ఎవరూ నమ్మలేదు. దాని పక్కన బాణామతే ఎంతో సహజంగా ఉంది. అప్పుడు చిన్నమ్మ మొదటిసారి నోరు విప్పింది. "నమ్మున్రి పటేలా. మా అక్క బిడ్డ. గిసొంటియి గామెనే జేస్తది. పెద్ద సదువు సదువుతాంది."

జనం నన్ను కొత్తగా, కింది నుంచి పైదాకా చూశారు. కొందరు తల ఊపారు. నా జీవితంలో నా వాదన అంత త్వరగా ఎన్నడూ నెగ్గలేదు. అది నెగ్గినది నా మూర్ఖత్వం మీద వారికి కుదిరిన నమ్మకం వల్ల. మిగిలిన అనుమానం తీర్చడానికి భుజాన ఉన్న సంచిలోంచి రంగు సీసా తీశాను. చుక్క లేని నత్తను ఒకదాన్ని వెతికి పట్టి, పచ్చికలో గొంతుకూర్చుని, పంతులుతో సహా అందరూ వంగి చూస్తుండగా దానికి బొట్టు పెట్టాను. నత్త కదలడంతో చుక్క కొంచెం పక్కకు పోయింది. వాసన గుప్పుమంది. బస్సులోంచి ఒకామె అద్దం జరిపి, ముక్కు ఎగబీల్చి, తన గోళ్లు చూసుకుని, "గిది గోళ్ల రంగే. నా కాడ గూడ గిదే ఉన్నది" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత అందరూ నవ్వారు. పటేలు అందరికంటే చివర, బ్యానరు మీది తన చెంప నుంచి నత్తను పీకుతూ నవ్వాడు.

తీర్పు అక్కడికక్కడే వెలువడింది. "యాసంగి గూడ నువ్వే జేస్కో సత్తెమ్మా. గని గీ వకీలమ్మ సెలవులు అయ్యేదాంక, నా జాగల నత్తలు గూడ గామెనే ఏరాలె. ఏరి ఇడిసిపెట్టుడు గాదు." పై కోర్టు లేదు. మిగిలిన సెలవులన్నీ నేను చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, రోడ్డుకు రెండు వైపులా ఏరి, నా కక్షిదారులను నా చేతులతోనే ఉప్పు డ్రమ్ములో వేశాను. ఒక్కొక్కటి వేసేటప్పుడు ముఖం తిప్పుకునేదాన్ని. చిన్నమ్మ అది చూసి కూడా ఏనాడూ ఎత్తిపొడవలేదు.

నేను తిరిగి వెళ్లే రోజు పొద్దున ఆమె పాలకూర మడి దగ్గర నుంచి నన్ను కేకేసింది. ఒక ఆకు మీద నత్త ఉంది. దాని వీపున ఎర్ర చుక్క, నడిమధ్యన కాక కొంచెం పక్కకు. పూజ నాడు ఊరందరి ముందు నేను పెట్టిన చుక్క. ఎన్ని రోజులు నడిచిందో, రోడ్డు దాటి వచ్చింది. మల్లొస్తయని చిన్నమ్మ చెప్పిన మాటకు, నేను స్వయంగా తయారు చేసి, సాక్షుల సమక్షంలో ముద్ర వేసిన ఏకైక ఆధారం.

చిన్నమ్మ దాన్ని వేలితో చూపించి, "గిప్పుడు అడుగు, ఆధారమేందని" అంది.

అడగలేదు. ఆకు మీది నుంచి దాన్ని తీసి, డ్రమ్ము దగ్గరికి నడిచి, ఈసారి ముఖం తిప్పుకోకుండా వేశాను. తరువాత ఆ డ్రమ్ము అంచు మీద కుడిచేయి ఉంచి, పాలకూర మళ్లు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: నాకు వకాల్తా ఇవ్వని ఏ ప్రాణి పక్షానా ఇకపై వాదించను, మరొకరి చేను మీద నా సూత్రాలను పరీక్షించను, ఏ జీవి వీపు మీదా సాక్ష్యం కోసం చుక్క పెట్టను, ఎర్ర చుక్క అసలే పెట్టను. సీసాలో మిగిలిన రంగును చిన్నమ్మ తన గోళ్లకు వేసుకుంది.