మనుమడి పేరున ఒక తప్పు

నా చిన్నప్పుడు, మిలిట్రీ వచ్చి రజాకార్ల భయం పోయిన ఏడాది, మోత్కూర్ దగ్గరి మా సాలెవాడలో ఆగిపోయిన భజన మళ్లీ మొదలైంది. నూలు బండి మాత్రం ఇంకా సరిగా రావడం లేదు. సగం మగ్గాలు ఖాళీగానే ఉండేవి.

మా భజనలో ఒక పద్ధతి ఉండేది. పాటలయ్యాక హారతి పళ్లెం తిరుగుతుంది. ఎవరు ఎంత వేశారో మా తాతయ్య రాగం తీసి పాడితే, ప్రతి పేరుకూ అందరూ "గోవిందా!" అంటారు. ఆయనకు చూపు ఆనదు. పళ్లెం వెంట నడిచి, పేరూ పైకమూ ఆయన చెవిలో వేసే పని నాది. ఎనిమిదేళ్ల నాకు అది పెద్ద ఉద్యోగం. ఒక్క పేరు తప్పనిచ్చేవాణ్ణి కాదు.

ఒక ఏకాదశినాడు పళ్లెం పక్కింటి అవ్వ ముందుకు వచ్చింది. వాడ మొత్తంలో పాటంటే ఆమెదే. ఆమె హారతి కళ్లకద్దుకుని ఊరుకుంది. వరుస తప్పుతుందన్న తొందరలో నేను అక్కడినుంచే అరిచాను.

"తాతా, పక్కింటి అవ్వ ఏం ఎయ్యలే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అవ్వ కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. తర్వాతి ఏకాదశికి రాలేదు. వెళ్లి పిలిస్తే, "చేతిల పైస లేనిదాన్ని, నాకేం పనిరా ఆడ?" అంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. తాతయ్య తిట్టలేదు. "అబద్ధమైతే చెప్పలే నువ్వు. సగమే చూసినవ్. గీసారి ఎవలు ఏమిచ్చిండ్రో మొత్తం చూసి చెప్పు," అన్నాడు.

ఆ పై ఏకాదశికి, భజన మందిరంలో ఎలుకలు పడ్డాయని సాకు చెప్పి, భజనను అవ్వ అరుగు ముందు పెట్టించాడు. అవ్వ తలుపు తీయలేదు. తాతయ్య కావాలనే ఆమెకిష్టమైన పాట ఎత్తుకుని రాగం ఖూనీ చేశాడు. రెండో చరణానికి లోపలినుంచి కేక వినిపించింది. "ఆపు బావా, దేవుడు చెవులు మూసుకుంటడు!" ఆ వెంటే పాట అందుకుంది. నాలుగు చరణాలూ పాడింది.

పళ్లెం తిరిగింది. నేను చూసినదంతా చెప్పాను, తాతయ్య పాడాడు.

"పక్కింటి అవ్వ, నాలుగు చరణాలూ!"

"గోవిందా!"

"మద్దెల చిన్నాయిన, కందిన అరచేతులూ! షావుకారు, రెండు రూపాయలూ, ఒక కునుకూ!"

షావుకారు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. అవ్వ గడప మీదికి వచ్చింది. "మరి నువ్వేమిచ్చినవ్‌రా, పెద్ద లెక్కల పంతులూ?"

"తప్పు చేసిన అవ్వా. గదే ఇస్త," అన్నాను.

"మనుమడు, ఒక తప్పూ!" అని పాడాడు తాతయ్య. అందరికంటే ముందు అవ్వే "గోవిందా!" అని, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఇప్పటికీ చందాల జాబితా చదవమని మైకు ఇస్తే, కాగితం మీది పేర్లన్నీ వరుసగా చదువుతాను. తర్వాత తలెత్తి చూసి, నీళ్లు పోసినవాళ్లనూ, చెప్పులు సర్దినవాళ్లనూ, వెనక కూర్చుని పాట అందుకున్నవాళ్లనూ పేరుపేరునా చెప్పి గాని దిగను. ఆలస్యమవుతోందని పెద్దలు సైగ చేస్తూనే ఉంటారు.