మావ చెప్పిన రాయి గుర్తులు

పదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. కిందటేడు అక్కడ నార్వేలోని ఒక ఫియోర్డ్ జిల్లా చరిత్ర దొరికింది. ఒకప్పుడు అక్కడి కొండలను మంచు కోసి లోయలు చేసిందట, తర్వాత ఆ లోయల్లోకి సముద్రం వచ్చిందట; ఫియోర్డ్ అంటే అదే. మంచు రాతిని కోస్తుందంటే ముందు నమ్మలేదు. ఇంకో రెండు పుస్తకాలు తిరగేశాకే ఒప్పుకున్నాను.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడి పాతకాలపు జాలర్లు కొండ కొననూ దాని ముందున్న ఇంటినీ ఒక వరసలో చూసుకుని, పక్కన అలాంటిదే ఇంకో వరస చూసుకుని, రెండూ కలిసిన చోట గాలం వేసేవారట. ఆ గుర్తులన్నీ పటంలో అచ్చువేశారు.

మా మేనమామ చేసేదీ అదే. సముద్రంలో ఆయనకొక రాయి తెలుసు. నీటి అడుగున ఉంటుంది, చుట్టూ చేపలు చేరతాయి. ఆయన ఇల్లు నడిచేది దాని మీదే. ఫోన్ ఎవరి చేతిలోనైనా పడుతుందని, ఆ చోటు ఫోన్‌లో కూడా పెట్టుకోడు.

నోటు పుస్తకంతో వెళ్లేసరికి ఇసుకలో వల బాగుచేసుకుంటున్నాడు. నార్వే జాలర్ల సంగతి చెప్పి, మన గుర్తులు కూడా రాసిపెడతానన్నాను.

"రాసి ఏటి సేస్తావు?" అన్నాడు తలెత్తకుండా.

"మనవాళ్ల చరిత్ర మావా. అందరూ చదువుతారు."

"అదేరా నా బయం."

అత్త చేపలు ఆరబెడుతూ నవ్వింది. "ఇరవై ఏళ్లు కాపరం సేసినాను, నాకే సెప్పనేదు. నీకు సెప్పేత్తాడా."

"ఆ దేశపోల్లు సెప్పేసినారు కదా, ఇప్పుడు ఆల్లకి సేపలున్నాయా?" అన్నాడు మావ.

లేవని పుస్తకంలోనే ఉంది. పెద్ద బోట్లు వచ్చి ఊడ్చేశాయని చెప్పాను.

"పెద్ద బోట్లకి దారి ఎవుడు సూపించినాడు?"

నోటు పుస్తకం మూయబోయాను. "సరే, రాసుకో" అన్నాడు మావ. కొండ నొక్కు నీళ్ల ట్యాంకు మీదికి రావాలి, రెండో కొండ తుపాను షెల్టరు మీదికి రావాలి అన్నాడు. గర్వంగా రాసుకున్నాను.

వారం తర్వాత జిల్లా పటం మీద స్కేలు పెట్టి రెండు గీతలూ గీశాను. అవి ఒడ్డుకు ఇవతల జీడితోటలో కలిశాయి. అక్కడి నుంచి సముద్రం మీదికి పోయేకొద్దీ ఒకదానికొకటి దూరమవుతున్నాయి. రాయి ఎక్కడుందని అడిగితే మా పేటలో సొంత తమ్ముడికైనా తప్పుడు గుర్తులే చెబుతారు. అక్కడే పుట్టి పెరిగిన నేను నమ్మేశాను.

పటం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. "మావా, రాయి జీడితోటలో ఉంది."

"అయితే అక్కడే వల ఎయ్యి" అన్నాడు. నవ్వలేదు. "ఇది ఎవుడికైనా సూపించినావా?"

"లేదు" అన్నాను.

అప్పటికే గ్రంథాలయంలో ఇద్దరికి చూపించాను. వాళ్లలో ఒకడు పెద్ద బోటు మీద పనిచేస్తాడు, గుర్తులు రాసుకున్న పేజీని ఫోటో తీసుకున్నాడు కూడా. మావ నా ముఖంలోకి ఓసారి చూసి, పటం మడిచి నా చేతిలో పెట్టి, మళ్లీ వల అందుకున్నాడు.