సావిత్రక్క రాసిచ్చిన కంపెనీ

హుమ్నాబాద్‌లో బస్సు దిగగానే ఉడికిన బార్లీ వాసన ముక్కుకు తగులుతుంది. కొత్తవాళ్లు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ పులిసిన తీపిలో సావిత్రక్క గుర్తుకొస్తుంది. బీదర్ గాంధీ గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసిన వాళ్ల నాన్న పెట్టిన విస్కీ కంపెనీలోనే నా పని. ఆయన పోయాక అక్కే నడిపింది.

కెమిస్ట్రీ చదివిన నన్ను పనికి పిలిచినప్పుడు మా అమ్మ ఒప్పుకోలేదు. నాన్నను తాగుడే పొట్టన పెట్టుకుంది. సంగతి తెలిసి అక్క కమఠాణలోని మా ఇంటికి వచ్చి, అమ్మ పక్కన చాప మీద కూర్చుంది.

"మీరు అమ్మే అసుంటిది తాగే మా ఆయన పోయిండు," అంది అమ్మ.

"మేం అమ్మేది పాలు గాదు చెల్లె. నాకెరుకే. తాగద్దని చెప్పే మొఖం గూడ లేదు నాకు. నీ బిడ్డకు మంచి పని నేర్పిస్త, అంతే చెప్పగల్గుత."

ఏ సాకూ చెప్పకపోవడం వల్లే కాబోలు, అమ్మ నన్ను పంపింది. పీపాల్లో ఏళ్లతరబడి నిలవున్న విస్కీని వాసన చూసి, పాళ్లు కుదిర్చి కలపడం అక్కే నేర్పింది.

కొన్నేళ్లకు బొంబాయి కంపెనీ ఒకటి మమ్మల్ని కొంటామని వచ్చింది. వాళ్లకు మా విస్కీ పేరు కావాలి, ఫ్యాక్టరీ అక్కర్లేదు. అక్క తమ్ముడు మోహన్ అమ్మేద్దామన్నాడు. మేమంతా వేరే పని వెతుక్కుంటుండగా, ఒక మధ్యాహ్నం ఇద్దరూ క్యాంటీన్‌కు వచ్చారు.

"అమ్ముతలేం," అంది అక్క. "మా ఇద్దరి వాటాలు ట్రస్టుకు రాసిస్తున్నం. లాభంతోని బీదర్‌ల కిడ్నీల దవాఖాన కడ్తది. తాగుడు మానిపిచ్చే వార్డు గూడ అండ్లనే. ట్రస్టుల మీలకెల్లి ఒకరు కూసుంటరు."

వాళ్లమ్మ కిడ్నీ జబ్బుతో హైదరాబాద్ ఆసుపత్రికి వెళ్లే దారిలోనే కన్నుమూసిందని మాకు అప్పుడే తెలిసింది.

"నా పిల్లలు నన్ను తిడ్తరక్కా," అన్నాడు మోహన్.

"తిట్టనీ తమ్మీ. నన్ను గూడ తిట్టుమను."

అతను నవ్వలేదు గాని, సంతకం పెట్టాడు. ఇప్పుడు అతని కూతురే ఆ దవాఖానలో డాక్టరు. మా అమ్మ అప్పుడప్పుడూ తాగుడు మానే వార్డుకు వెళ్లి, అక్కడ చేరినవాళ్ల భార్యలతో కూర్చుని వస్తుంది.

అక్క పోయాక ట్రస్టులో మోహన్‌తోపాటు కార్మికుల తరఫున నేనూ కూర్చుంటున్నాను. ఈ మధ్యే, కూలీల కోసం చవక విస్కీ పాకెట్లు తెద్దామనీ, ఆ లాభంతో దవాఖానకు కొత్త మిషన్లు వస్తాయనీ ట్రస్టులో ఒకాయన అన్నాడు. అందరూ నావైపు చూశారు.

"వద్దు," అన్నాను. "ఆళ్లను తాగిపిచ్చి, మల్ల ఆళ్లకే మందులిచ్చుడు నాతోని గాదు."

"సావిత్రక్క ఉంటే ఏమనేదో," అన్నాడాయన.

"అక్క లేదు, నేనున్న. వద్దంటున్న."

వద్దనేవాళ్లను చేతులెత్తమన్నప్పుడు నాతోపాటు మొదట లేచిన చెయ్యి మోహన్‌ది.