గోవిందన్న తోమి ఇచ్చిన డబ్బాలు

ఏటా ఆదోని మార్కెట్‌కు ఊళ్లోంచి మొదటి పత్తి బండి పోయేది గోవిందన్నదే. తొలి బోరు వేయించింది ఆయనే. ఏడో తరగతి చదువుతోనే ఊరందరి అర్జీలూ రాసిపెట్టింది ఆయనే. ఖాళీ అయిన పురుగుమందు డబ్బాను చింతపండు, బూడిద వేసి తోమితే తాగేనీళ్లకు పనికొస్తుందని నేర్పిందీ ఆయనే. పగలదు, మూత బిగుతు. ఇప్పుడు చేనికి పోయే ప్రతి చేతిలోనూ అదే డబ్బా.

కోడలు లావణ్యకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి నెల తప్పింది. పురుగుమందులు ఒంట్లో హార్మోన్లను ఏం చేస్తాయో పరిశోధిస్తున్న సుధ అనే అమ్మాయి ఆమధ్య వచ్చి, ఇంటింటి నీళ్లూ పరీక్షకు పట్టుకుపోయింది. మళ్లీ వస్తే గోవిందన్న అరుగు మీదే ఆపాడు.

"ఏమ్మా, మా కోడలికి నిలవంది ఈ డబ్బా వల్లేనా? అవునా, కాదా? ఒక్క మాట సెప్పు."

"డబ్బా నీళ్లలో మందు ఉంది పెద్దాయనా. ప్లాస్టిక్‌లోకి ఇంకింది తోమితే పోదు. అట్లాంటి మందులు హార్మోన్లను చెడగొడతాయి. కానీ మీ కోడలికి దానివల్లే అయిందని మాత్రం చెప్పలేను. వందల మందిని చూడాలి."

"ఇంత సదివి సెప్పలేనంటే ఎట్ల? నేను ఆకు జూసి తెగులు సెప్తా!"

"వాడొద్దని చెప్పగలను."

గోవిందన్నకు ఒళ్లు మండింది. అయినా ఆమె పోగానే తన ఇంటి డబ్బాలన్నింటికీ గడ్డపారతో బొక్కలు పొడిచాడు. ఎమ్మిగనూరు పోయి లావణ్యకు స్టీలు క్యాను తెచ్చాడు. తర్వాత డబ్బాలు పారేయమంటూ ఇల్లిల్లూ తిరిగాడు.

"నువ్వే గదన్నా నేర్పిచ్చినావు!" పక్కింటి భీమక్క నవ్వింది. "ఈ నీళ్లు తాగే ముగ్గుర్ని కన్లేదా నేను?"

"నీకు నిలిస్తే అందరికీ నిలిచినట్లా?"

"దీనివల్లే అని ఆ సదువుకున్న పిల్లే సెప్పలేదంట గదా?"

గోవిందన్న పళ్లు కొరికాడు. ఒక్క డబ్బా కూడా బయటికి రాలేదు.

పత్తి తీసే రోజు మిట్టమధ్యాహ్నానికే లావణ్య క్యాను ఖాళీ అయింది. "దా తల్లీ, సల్లగుండాయి," భీమక్క మూత తీసి డబ్బా చేతికిచ్చింది.

"తాగొద్దు!" గట్టు మీంచి అరిచాడు గోవిందన్న. చేనంతా నవ్వింది.

"దప్పికైతాంది మామా." డబ్బా నోటి దగ్గరే ఆగింది.

ఆయన చుట్టూ చూశాడు. ప్రతి సాలులోనూ తను నేర్పిన డబ్బానే. "కింద పెట్టు. నేను తెస్తా."

లావణ్య డబ్బా దించింది. ఊరికి తొలి బోరు వేయించిన మనిషి, ఖాళీ క్యాను పట్టుకొని, గుక్కెడు నీళ్లకోసం రెండు చేల అవతలికి అందరినీ తిట్టుకుంటూ నడిచాడు.